స్థిరవిద్యుత్ స్పీకర్లకు ఆంప్లిఫయర్‌ను ఎంచుకోవడం

7.4 ఒక సందర్భం

తీగచుట్ట, అయస్కాంతం, కాగితపు కోన్ గల సాధారణ లౌడ్‌స్పీకర్ గురించి గత విభాగంలో చదివారు. ఇప్పుడు ఈ సందర్భాన్ని ఊహించండి. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ హాలులో హోమ్ థియేటర్ ఉంది. ఇంటివారు ఎంతో కాలంగా దాచుకున్న డబ్బుతో ముందువైపుకు రెండు ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు, అంటే స్థిరవిద్యుత్ స్పీకర్లు, కొన్నారు. వాటిని పాత ఏవీ రిసీవర్‌కు కలిపారు. రిసీవర్ పెట్టెపై "ఛానల్‌కు 100 వాట్లు, 8 ఓమ్‌లు" అని ఉంది. కానీ సినిమా మొదలైన పావుగంటకు, కాస్త శబ్దం పెంచగానే, రిసీవర్ ఆగిపోతున్నది. వాట్లు చాలడం లేదు, 150 వాట్లది కొనండి అని ఎవరో చెప్పారు. మీలో రిపేరు దుకాణంలో పనిచేసేవారు ఉంటే, తరువాత మిమ్మల్నే అడుగుతారు. ఆ సలహా సరైనదేనా?

7.5 స్పీకర్ కాదు, కెపాసిటర్

ఈ స్పీకర్‌లో కోన్ ఉండదు. విద్యుద్వాహక పూత గల అతి పలుచని ప్లాస్టిక్ పొర, రంధ్రాలున్న రెండు లోహపు పలకల మధ్య బిగించి ఉంటుంది. పొరకు కొన్ని వేల వోల్టుల ఏకముఖ వోల్టేజి ఇస్తారు. ఆంప్లిఫయర్ నుండి వచ్చే సంకేతం స్పీకర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరిగి పలకలకు చేరుతుంది. పలకల ఆకర్షణ, వికర్షణల వలన పొర కంపిస్తుంది.

రెండు పలకలు, మధ్య గాలి: ఇది మీరు ఇంటర్మీడియట్‌లో చదివిన కెపాసిటరే. పలకల కెపాసిటెన్స్ 500 పికోఫారడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి 1:100 అనుకుందాం. ఆంప్లిఫయర్ వైపు నుండి చూస్తే కెపాసిటెన్స్ నిష్పత్తి వర్గంతో, అంటే 10,000 రెట్లు, పెరిగి 5 మైక్రోఫారడ్లుగా కనిపిస్తుంది. దాని కెపాసిటివ్ రియాక్టెన్స్:

రియాక్టెన్స్ = 1 ÷ (2 × 3.14 × పౌనఃపున్యం × కెపాసిటెన్స్)

1 కిలోహెర్ట్జ్ వద్ద ఇది దాదాపు 32 ఓమ్‌లు. 10 కిలోహెర్ట్జ్ వద్ద 3.2. 20 కిలోహెర్ట్జ్ వద్ద 1.6 మాత్రమే. మార్కెట్‌లోని కొన్ని మోడళ్ళలో 1 ఓమ్‌కు కూడా దిగుతుంది. కాబట్టి పెట్టెపై ముద్రించిన "8 ఓమ్‌లు" అనే షరతు ఇక్కడ వర్తించదు. సంగీతంలో 20 కిలోహెర్ట్జ్ వద్ద శక్తి చాలా తక్కువగా ఉంటుంది, అది మన అదృష్టం. అయితే సినిమాలో గాజు పగిలే శబ్దం, పాటలో తాళాల మోత వచ్చినపుడు భారం ఒక్కసారిగా పడుతుంది.

7.6 వేడి ఎక్కడ పుడుతుంది?

నిరోధంలో వోల్టేజి, విద్యుత్ ప్రవాహం ఒకేసారి గరిష్ఠానికి చేరుతాయి. ఆ క్షణాన అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌పై మిగిలే వోల్టేజి తక్కువ. కెపాసిటర్‌లో మాత్రం ప్రవాహం 90 డిగ్రీలు ముందుంటుంది. అవుట్‌పుట్ వోల్టేజి సున్నా అయిన క్షణానే ప్రవాహం గరిష్ఠం. అప్పుడు సప్లై వోల్టేజి మొత్తం ట్రాన్సిస్టర్‌పైనే పడుతుంది. పైగా కెపాసిటర్ తీసుకున్న శక్తిని ఖర్చు చేయకుండా తిరిగి పంపుతుంది. అది కూడా ట్రాన్సిస్టర్‌లలోనే వేడిగా మారుతుంది.

ఇప్పుడు 150 వాట్ల సలహాను పరిశీలించండి. ఎక్కువ వాట్లు ఇవ్వాలంటే సప్లై వోల్టేజి ఎక్కువ ఉండాలి. అంతే శబ్దానికి, అంతే ప్రవాహానికి, ఈసారి ట్రాన్సిస్టర్‌పై పడే వోల్టేజి ఇంకా ఎక్కువ. హీట్‌సింక్ కూడా తగినంత పెరగకపోతే కొత్త రిసీవర్ పాతదానికంటే ముందే ఆగిపోవచ్చు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో దానిని అద్దాల షోకేసులో పెట్టి తలుపు మూస్తే ఫలితం వేరే చెప్పనక్కరలేదు.

7.7 అయితే ఏది కొనాలి?

1957లో ఇంగ్లాండులో పీటర్ వాకర్ సంస్థ క్వాడ్ తన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌ను అమ్మకానికి తెచ్చింది. దానితో వాడిన ఆ సంస్థ వాల్వు ఆంప్లిఫయర్ 15 వాట్లది. వాట్ల సంఖ్య ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న: 4 ఓమ్‌ల వద్ద, వీలైతే 2 ఓమ్‌ల వద్ద ఎన్ని వాట్లు? 8 ఓమ్‌ల వద్ద 60 వాట్లు, 4 ఓమ్‌ల వద్ద 115 వాట్లు ఇచ్చే రెండు ఛానళ్ళ పవర్ ఆంప్లిఫయర్, 4 ఓమ్‌ల గురించి మౌనంగా ఉండే 150 వాట్ల రిసీవర్ కంటే ఈ పనికి మేలు. రెండవది స్థిరత్వం. కెపాసిటర్ భారం వలన ఫీడ్‌బ్యాక్ గల కొన్ని ఆంప్లిఫయర్లు డోలనం చేయడం మొదలుపెడతాయి. చెవికి వినపడని ఆ డోలనం ట్రాన్సిస్టర్లను కాల్చివేయగలదు. క్లాస్ డి రకమైతే అవుట్‌పుట్ ఫిల్టర్ తరువాతి బిందువు నుండి ఫీడ్‌బ్యాక్ తీసుకున్నదానిని ఎంచుకోండి.

పాత రిసీవర్‌ను పారవేయనక్కరలేదు. దానికి ప్రీ-అవుట్ సాకెట్లు ఉంటే ముందరి రెండు ఛానళ్ళను అక్కడినుండి కొత్త పవర్ ఆంప్లిఫయర్‌కు ఇవ్వండి. మధ్య, వెనుక ఉండే సాధారణ స్పీకర్లను రిసీవరే నడుపుతుంది. ఖర్చు తగ్గించే మార్గాలలో నాకు నచ్చినది ఇదే.

తీగ కూడా లెక్కలోనిదే. 10 మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడితే రానూపోనూ నిరోధం సుమారు 0.34 ఓమ్. 1.6 ఓమ్‌ల ముందు ఇది చిన్నది కాదు. రాణిగంజ్ ఎలక్ట్రికల్ దుకాణాలలో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో అది 0.14కు తగ్గుతుంది.

హెచ్చరిక: స్పీకర్ తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితిని దాటకండి. వోల్టేజి మితిమీరితే పొరకు, పలకకు మధ్య నిప్పురవ్వ లేచి పొరకు చిల్లు పడుతుంది. ప్లగ్గు తీసిన వెంటనే వెనుక మూత విప్పకండి. లోపల వేల వోల్టులు కొంతసేపు నిలిచి ఉంటాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలో చుట్ల నిష్పత్తిని 1:50కి తగ్గిస్తే 20 కిలోహెర్ట్జ్ వద్ద రియాక్టెన్స్ ఎంత? ఆంప్లిఫయర్‌పై భారం తగ్గినందుకు బదులుగా స్పీకర్ ఏమి కోల్పోతుంది?