పుక్కిలిద్దాం – పళ్లు కాపాడుకుందాం

భద్రాచలం అడవి పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల అందరికీ తెలుసు. కోయ ఆడవాళ్లు అడవిలో కరక్కాయలు ఏరుతారు. గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. దాన్నే జీసీసీ అంటారు. అది 1956లో మొదలైంది. ఏరిన కాయల్లో నాలుగు ఇంట్లో ఉంచుకుంటే పిల్లల నోటికి మేలు.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

పన్నుకు పురుగు పట్టిందంటారు. నిజానికి అందులో పురుగు ఉండదు. నోట్లో కంటికి కనపడని క్రిములుంటాయి. పిల్లలు బెల్లం, బిస్కెట్లు, చాక్లెట్లు తింటారు. ఆ తీపి పళ్లకు అంటుకుంటుంది. క్రిములు ఆ తీపిని తిని పులుపు తయారు చేస్తాయి. ఆ పులుపు పన్నును కరిగిస్తుంది. ముందు తెల్లమచ్చ వస్తుంది. తర్వాత గుంత పడుతుంది.

పుక్కిట నీళ్లు ఎలా చేయాలి?

కరక్కాయ వగరు. జామాకు కూడా వగరు. వగరు చిగుళ్లను బిగిస్తుంది. కరక్కాయ నీళ్లు పుక్కిలిస్తే పన్ను పుచ్చే క్రిములు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది.

కరక్కాయ గింజ తీసేయాలి. పెచ్చు దంచి పొడి చేయాలి. గ్లాసు నీళ్లలో చిటికెడు పొడి వేసి మరిగించాలి. గుడ్డతో వడగట్టాలి. కరక్కాయ లేకపోతే నాలుగు లేత జామాకులు కడిగి మరిగించవచ్చు. ఏదీ లేకపోతే గోరువెచ్చని ఉప్పునీళ్లు చాలు. అన్నం తిన్నాక పిల్లలు పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కాచుకోవాలి.

జాగ్రత్త!

ఆరేళ్ల లోపు పిల్లలు ఉమ్మకుండా మింగేస్తారు. వాళ్లకు ఈ నీళ్లు వద్దు. తడిగుడ్డతో, మెత్తని బ్రష్షుతో పళ్లు శుభ్రం చేస్తే చాలు. వేపనూనె పిల్లల నోట్లో అసలు పోయకూడదు. వాంతులు, ఫిట్సు వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. పుచ్చుపన్నులో జిల్లేడుపాలు, నల్లజీడి పెట్టకూడదు. నోరు కాలిపోతుంది.

పుక్కిట నీళ్లు నోటిని శుభ్రం చేస్తాయి. పడిన గుంతను మాత్రం పూడ్చలేవు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పొద్దున, రాత్రి పళ్లు తోమాలి. పేస్టు శనగగింజంత చాలు. చెంప వాచినా, జ్వరం వచ్చినా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆరేళ్లకు ఆరో పన్ను

పాలపళ్లు ఇరవై. ఆరేళ్లు వచ్చేసరికి వాటి వెనక కొత్త దవడపన్ను వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు. అందుకే చాలామంది తల్లులు అదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా ఊరుకుంటారు. "పోతే మళ్లీ వస్తుందిలే" అంటారు. అది మళ్లీ రాదు. ముసలితనం దాకా నమలాల్సిన పన్ను అదే.

ఈ రోజే పిల్లల నోరు తెరిపించి చూడండి. ముందు పళ్ల మధ్య నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోది వచ్చిందా? దాని మీద మచ్చ ఉందా? ఉంటే నొప్పి వచ్చేదాకా ఆగవద్దు.