పిండితే చాలదు... సడలాలి!

గుండె జబ్బు అనగానే యాభై దాటిన మనిషే గుర్తొస్తాడు. పాతికేళ్ల కుర్రాడి గుండె గురించి ఎవరూ బెంగపడరు. కానీ అతనికి చిన్నప్పటి నుంచీ టైప్-1 మధుమేహం ఉంటే? అప్పుడు కాస్త ముందుగానే ఆలోచించాలి. ఎందుకంటే ఆ గుండెలో మార్పు నొప్పితో మొదలుకాదు, ఆయాసంతోనూ మొదలుకాదు. చడీచప్పుడు లేకుండా వస్తుంది.

పెద్దవయసులో వచ్చే చక్కెర జబ్బు వేరు, ఇది వేరు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఇక్కడ ఒంట్లోని రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వస్తే చావే. ఆ తర్వాత పిల్లలు బతికారు, పెద్దయ్యారు. ఏళ్ల తరబడి నిలిచే చక్కెర కళ్లను, కిడ్నీలను, గుండెను ఏం చేస్తుందో అప్పుడే తెలిసొచ్చింది.

ముందు తగ్గేది సడలింపే

గుండె చేసే పనులు రెండు. బిగుసుకుని రక్తాన్ని బయటికి తోయడం ఒకటి. వెంటనే మెత్తగా సడలి, మళ్లీ రక్తాన్ని నింపుకోవడం రెండోది. రోజుకు దాదాపు లక్షసార్లు ఈ రెండూ జరగాలి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది గుండె కండరంలోని కొల్లాజెన్ పోగులకు అతుక్కుంటుంది. పోగులు ఒకదానికొకటి ముడిపడి గోడ బిరుసెక్కుతుంది. సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి. దాంతో ఎడమ జఠరిక పూర్తిగా సడలలేదు.

చిక్కంతా ఇక్కడే! ఎకో రిపోర్టులో అందరూ చూసేది 'ఎజెక్షన్ ఫ్రాక్షన్'. అది తోసే బలాన్ని చెప్పే అంకె. సడలింపు తగ్గినా ఆ అంకె 60 శాతం దగ్గరే ఉండొచ్చు. 'గుండె భేషుగ్గా ఉంది' అనుకుని ఇంటికొచ్చేస్తారు. అదే ఎకోలో టిష్యూ డాప్లర్, స్ట్రెయిన్ కొలతలు కూడా తీస్తే తొలి తేడా దొరుకుతుంది.

రక్తనాళాల్లో పెద్ద పూడికలు లేకున్నా మధుమేహం గుండె కండరాన్ని దెబ్బతీయగలదని 1972లోనే షిర్లీ రూబ్లర్ బృందం గుర్తించింది. స్వీడన్‌లో 33 వేల మందికి పైగా టైప్-1 రోగులను పరిశీలించి 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు వీరికి ఇతరుల కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. చక్కెర అదుపు తప్పినకొద్దీ, కిడ్నీలు పాడైనకొద్దీ అది పెరిగింది.

మరచిపోని ఒళ్లు

మరి ఆశ లేదా? ఉంది. 1983లో అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్-1 రోగులతో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. కొందరికి అప్పటి మామూలు చికిత్స. మిగతావారికి రోజుకు మూడు, అంతకుమించి ఇంజెక్షన్లు లేదా పంపు. సగటున ఆరున్నరేళ్లు ఇలా సాగింది. హెచ్‌బీఏ1సీ మొదటివారిలో 9 దగ్గర, రెండోవారిలో 7 దగ్గర నిలిచింది. 1993లో పరిశోధన ముగిశాక ఆ తేడా క్రమంగా చెరిగిపోయింది. అయినా 2005లో లెక్క తీస్తే, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి రెండో జట్టులో 57 శాతం తక్కువ! తొలినాళ్ల అదుపును ఒళ్లు గుర్తుపెట్టుకుందన్నమాట.

ఏం చేయాలి?

* మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చూపించుకోవాలి. లక్ష్యం ఎంతో డాక్టరే చెప్పాలి. చక్కెర మరీ పడిపోవడమూ ప్రమాదమే.
* బీపీ, కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు మానొద్దు. పొగ జోలికి వెళ్లొద్దు.
* గుండె మీద ఒత్తిడిని పట్టిచ్చే బీఎన్‌పీ వంటి రక్తపరీక్షను మధుమేహులకు ఏటా చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2022లో సూచించింది. అవసరమో కాదో డాక్టర్ని అడగండి.
* మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పాదాల వాపు, కూర్చున్నా గుండెదడ... వీటిని నీరసమని కొట్టిపారేయొద్దు.

'చిన్నవాడేగా, పెద్దయ్యాక చూద్దాంలే' అనే మాటే ఈ జబ్బులో అన్నింటికన్నా ఖరీదైనది. గుండెకు మేలు చేసే రోజులు ఆ చిన్నవయసులోనే ఉన్నాయి.