దగ్గులో రక్తం – దాచదగిన విషయం కాదు

దగ్గినప్పుడు కఫంతో రక్తం కనిపించగానే కొందరు భయంతో ఆ సంగతి ఇంట్లోవారికి సైతం చెప్పరు. మరికొందరు వేడి చేసిందని సరిపెట్టుకుంటారు. రెండూ ప్రమాదకరమే. రక్తం పడటం తనంతట తానొక వ్యాధి కాదు. లోపలి వ్యాధికి అది సూచన.

మొదట ఆ రక్తం ఎక్కడిదో తేల్చాలి. ఊపిరితిత్తుల నుండి వచ్చేది సాధారణంగా ఎర్రగా, నురుగుతో, దగ్గుతోపాటు వెలువడుతుంది. జీర్ణకోశం నుండి వచ్చేది తరచు వాంతితో, కాఫీపొడి రంగులో, ఆహారంతో కలిసి వస్తుంది. ముక్కు నుండి గొంతులోకి జారిన రక్తం కూడా భ్రమ కలిగించవచ్చు.

మన దేశంలో దీనికి ముఖ్య కారణాలలో క్షయ ఒకటి. ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882లో ప్రకటించాడు. అయితే రక్తం పడినవారందరూ క్షయరోగులు కారు. శ్వాసనాళాల వాపు, న్యుమోనియా, ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండె కవాటం ఇరుకు కావడం కూడా కారణాలు కావచ్చు. క్షయ నయమైనవారిలో సైతం పాత మచ్చల వల్ల వెడల్పైన శ్వాసనాళాల నుండి రక్తం పడవచ్చు. కనుక పరీక్ష లేకుండా పాత మందులే మళ్ళీ మింగడం తగదు. కఫపరీక్ష, ఎక్స్‌రే, అవసరమైతే సి.టి. స్కాన్, బ్రాంకోస్కోపీ కారణాన్ని నిర్ధారిస్తాయి.

రక్తం అధికంగా పడితే రక్తనష్టం కన్న ఊపిరాడకపోవడమే ముందు ముంచుకొచ్చే ప్రమాదం. పెద్దవారి గాలిగొట్టాలలో పట్టేది సుమారు 150 మిల్లీలీటర్లే. రక్తం ఏ వైపు నుండి వస్తున్నదో తెలిస్తే, రోగిని ఆ వైపుకే ఒత్తిగిల్లజేసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అలా చేస్తే మంచి ఊపిరితిత్తిలోనికి రక్తం పోదు. ఆసుపత్రిలో మొదట శ్వాసను కాపాడి, పిమ్మట రక్తాన్ని ఆపుతారు. సన్నని గొట్టాన్ని ధమనిలోనికి పంపి, రక్తం కారే శాఖను మూసివేసే పద్ధతి 1970వ దశకం నుండి వాడుకలో ఉన్నది.

సాధారణ క్షయకు సుమారు ఆరు నెలలు క్రమం తప్పక మందులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో అవి ఉచితం. అయినా పెళ్ళి కావలసిన ఆడపిల్లల విషయంలో పరువు పోతుందని వ్యాధిని దాచే కుటుంబాలు ఉన్నాయి. దాచినందువల్ల వ్యాధి తగ్గదు. ఇంటిల్లిపాదికీ సోకే అవకాశం పెరుగుతుంది. చదువుకున్న యువతీయువకులు ఈ మాటను తమ ఇళ్ళలోను, వీధులలోను చెప్పగలిగితే ఎందరో సకాలంలో వైద్యుని వద్దకు చేరగలుగుతారు.