ఫోను మారితే గొంతు ఎటు పోతుంది?

ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ నుంచి సుక్మాకు పోయే రహదారి మీద, దర్భా కొండలు దాటిన తరువాత తోంగ్‌పాల్ వస్తుంది. అదే దారిన ఇంకా దక్షిణంగా పోతే కోంటా, శబరి నది, ఆపైన మన చింతూరు. తోంగ్‌పాల్ చుట్టుపక్కల నేలలో తగరపు ఖనిజం ఉంది. దేశం మొత్తం మీద ఈ ఖనిజాన్ని వెలికితీస్తున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. వాగు కంకరను నీటిలో కడిగి, అడుగున నిలిచిన బరువైన రేణువులను ఏరి అమ్ముకోవడం ఇక్కడి గిరిజన కుటుంబాలకు ఒక బతుకుతెరువు. తగరం లేనిదే స్మార్ట్‌ఫోను లేదు. లోపలి భాగాలను పలకకు అతికే టంకంలో ప్రధాన లోహం అదే. వేలి స్పర్శను గుర్తించే అద్దం మీది పలుచని పూతలోనూ అది ఉంటుంది.

అయితే ఫోను స్వభావాన్ని నిర్ణయించేది లోహం కాదు. లోపల కూర్చొని పనులు పురమాయించే ఆపరేటింగ్ సిస్టమ్. అక్షరాన్ని తెర మీద గీయడం, గొంతును భద్రపరచడం, ఒక యాప్‌కు చోటివ్వడం, మరొక దానికి నిరాకరించడం, ఈ పెత్తనమంతా దానిదే. నేడు ప్రపంచంలో ఇటువంటివి ప్రధానంగా రెండు: గూగుల్ వారి ఆండ్రాయిడ్, ఆపిల్ వారి ఐఓఎస్. ఒకదాని నుంచి మరొకదానికి మారడం అరగంట పని అని దుకాణదారు చెబుతాడు. నిజానికది ఇల్లు ఖాళీ చేయడం వంటిది. ఏ సామాను బండి ఎక్కుతుందో, ఏది పాత ఇంట్లోనే ఉండిపోతుందో బయలుదేరక ముందే తెలుసుకోవాలి.

తమ వ్యవస్థను తాము ఎంచుకొనే అవకాశం అందరికీ ఉండదు. 2018లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘సంచార్ క్రాంతి యోజన’ పేరిట సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు పంచిపెట్టాలని సంకల్పించింది. అందులో అత్యధిక భాగం మహిళలకు. అవి ఆండ్రాయిడ్ ఫోన్లు. ఆ ఏడాది చివర ప్రభుత్వం మారడంతో పంపిణీ మధ్యలోనే నిలిచిపోయింది. పుచ్చుకున్నవారికి ఆండ్రాయిడ్ అన్న మాట తెలియకపోయినా, వారి మొదటి వ్యవస్థ అదే అయింది.

రెండవ దారి జియోఫోన్. 2017లో 1,500 రూపాయల ధరావతు మీద దొరికిన ఈ మీటల ఫోను ఆండ్రాయిడూ కాదు, ఐఓఎస్సూ కాదు. దానిని నడిపేది కైఓఎస్. దీని పుట్టుక వింతైనది. మొజిల్లా సంస్థ చౌక ఫోన్ల కోసం ఫైర్‌ఫాక్స్ ఓఎస్ తయారుచేసింది. 2014లో మన దేశంలో ఇంటెక్స్ సంస్థ దానితో 1,999 రూపాయల ఫోను అమ్మింది. మరుసటి ఏడాదే మొజిల్లా ఫోన్ల నుంచి వైదొలగింది. ఆ విడిచిపెట్టిన విత్తనం నుంచి మొలిచిందే కైఓఎస్. 2018 సెప్టెంబరులో జియోఫోనుకు వాట్సాప్ వచ్చింది. టచ్ తెర లేని చేతులకు కూడా ఫొటోలు, వీడియోలు, గొంతులు అందసాగాయి.

కానీ ఫోను మనదైనా, అందులోని వ్యవస్థ మనది కాదు. దాని ఆయుర్దాయం వేరొకరి చేతిలో ఉంటుంది. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న మైక్రోసాఫ్ట్ అంతటిది, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అధిపతిగా ఉండగా, 2015లో ఆ ఖాతాలో 760 కోట్ల డాలర్లు నష్టంగా కొట్టివేసింది. తరువాత విండోస్ ఫోను చరిత్రలో కలిసింది. కైఓఎస్ విషయంలో దెబ్బ మరోవైపు నుంచి వచ్చింది. 2024 జూన్‌లో కైఓఎస్ యాప్‌ల దుకాణం నుంచి వాట్సాప్‌ను తొలగించారు. అప్పటికే వాడుతున్నవారికి 2025 ఆరంభం వరకే గడువిచ్చారు. ఫోను మోగుతుంది, మాట్లాడుతుంది; కాని వాట్సాప్ మాత్రం లేదు. ఇటువంటప్పుడు వ్యవస్థ మార్చడం ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు, నిర్బంధ వలస.

ఈ వలసలో ఏది వెంట వస్తుంది? సిమ్ కార్డులో దాచిన నంబర్లు ఏ ఫోనులోనైనా పలుకుతాయి. మెమరీ కార్డులోని ఫొటోలు వస్తాయి. వాట్సాప్ సంభాషణలు మాత్రం రావు. కైఓఎస్ నుంచి ఆండ్రాయిడ్‌కు వాటిని చేరవేసే మార్గమేదీ వాట్సాప్ కల్పించలేదు. నంబరు అదే, పేరు అదే, లోపల శూన్యం.

చదువుకున్నవాడికి ఇది చిరాకు. తోంగ్‌పాల్ ప్రాంతంలో అంతకన్న పెద్ద మాట. ఇక్కడ వినిపించే ధుర్వా భాష, పండితులు పర్జీ అనేది, ద్రావిడ కుటుంబానికి చెందినది. తెలుగుకు దూరపు చుట్టం. 1953లో బరో, భట్టాచార్య దీనికి వ్యాకరణం రాశారు. సొంత లిపి లేదు. ఇటువంటి భాష మాట్లాడేవారికి ఉత్తరం అంటే గొంతు సందేశమే. మీట నొక్కి పట్టుకొని మాట్లాడి వదిలితే సరి. అక్షరం అవసరం లేదు. కూలికి దూరం పోయిన కొడుకు తల్లికి పంపిన కబురు, చనిపోయిన తాత ఏనాడో పాడిన పాట ఒక చిన్న ఫోనులో ఉండిపోతే, వాటికి మరొక ప్రతి ఎక్కడా లేదు. మనం పాత ఉత్తరాలను పెట్టెలో దాచుకుంటాం. వారి పెట్టెకు తాళం వేసినవాడు వేరు, తాళంచెవి ఉన్నది మరో ఊళ్ళో.

డబ్బున్నవారి వలస కొంత మేలు, అదీ ఆలస్యంగా. ఆపిల్ సంస్థ 2015లోనే ఆండ్రాయిడ్ నుంచి తన ఫోనుకు వచ్చేవారి కోసం ఒక యాప్ విడుదల చేసింది. కానీ వాట్సాప్ సంభాషణలు ఆ దారిన ప్రయాణించడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. ఎదురుదిశలో, ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు, 2021లో మొదట శాంసంగ్ ఫోన్లకు వీలు కలిగింది. అందుకు రెండు ఫోన్లనూ తీగతో కలపాలి, కొత్త ఫోను ఇంకా వాడకం మొదలుపెట్టనిదై ఉండాలి. చాలామంది ఈ రెండవ షరతు కొత్త ఫోను నిండా ఫొటోలు తీసుకున్న తరువాత తెలుసుకుంటారు. ఇక ఐఫోన్ వదిలినవారికి మరొక తంటా ఉండేది: మిత్రులు ఐఫోన్ నుంచి పంపిన సందేశాలు ఆపిల్ వారి సొంత దారిలోనే తిరుగుతూ, కొత్త ఆండ్రాయిడ్ ఫోనుకు చేరేవి కావు. అమెరికాలో దావాలు పడిన తరువాత, 2014 నవంబరులో, నంబరును ఆ దారి నుంచి విడిపించుకొనే సదుపాయం కల్పించారు.

వ్యవస్థ మారితే అక్షరం కూడా మారుతుంది. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు వేదికస్థాయి ఆదరణ 2012 నాటి 4.1 రూపంతో లభించింది. 2018 ఫిబ్రవరిలో మన భాష ప్రపంచ వార్త అయింది: ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. అదే సందేశాన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు నిశ్చింతగా చూపాయి. ఆ నెల 19న ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. జ్ఞానానికి మొదటి అక్షరమే అంత ఖరీదైన యంత్రాన్ని మూర్ఛపోయేటట్లు చేయడం హాస్యానికి బాగానే ఉంది. కాని కోట్లమంది మాట్లాడే తెలుగుకే ఇది జరిగితే, చిన్న భాషల మాట ఏమిటి? గోండీకి ఉన్న లిపులలో మసరాం గోండీ 2017లో, ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామం పేరు పెట్టుకున్న గుంజాల గోండీ 2018లో యూనికోడ్‌లోకి చేరాయి. అయినా అందుకు తగిన ఫాంటు లేని ఫోనులో ఆ లిపి వరుసగా ఖాళీ గళ్ళుగానే కనబడుతుంది. పంపినవాడి తప్పు లేదు, పుచ్చుకున్నవాడి తప్పూ లేదు.

ఈ గొడవంతటినీ తప్పించుకున్న ప్రయత్నం ఒకటి ఛత్తీస్‌గఢ్ లోనే జరిగింది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ప్రారంభించిన ‘సీజీనెట్ స్వర’ 2010 నుంచి ఒక ఫోను నంబరు మీద నడిచింది. దానికి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వస్తుంది. ఒక అంకె నొక్కితే మన మాట రికార్డు అవుతుంది, మరొక అంకె నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. జీతం రాని ఉపాధి కూలీ, బాగుపడని చేతిపంపు, గోండీ పాట, అన్నీ అందులో చేరాయి. పాత నోకియా అయినా కొత్త ఐఫోన్ అయినా దానికి ఒక్కటే, ఎందుకంటే గొంతు ఫోనులో కాక, ఫోనుకు బయట నిలిచింది. తరువాత అదే బృందం ‘బుల్టూ రేడియో’ నడిపింది. ఇంటర్నెట్ ఉన్న చోట కార్యక్రమాన్ని దింపుకొని, ఊళ్ళో ఒకరి నుంచి ఒకరికి బ్లూటూత్ ద్వారా ఉచితంగా పంచుకోవడం దాని పద్ధతి. బ్లూటూత్‌కు జనం నోట పుట్టిన రూపమే బుల్టూ. ఇందులోనూ వ్యవస్థల గోడ ఒకటి అడ్డు నిలిచింది: ఆండ్రాయిడ్ ఫోను బ్లూటూత్‌తో పంపే పాటను ఐఫోన్ స్వీకరించదు. చవక ఫోన్ల మధ్య నడిచే ఆచారం ఖరీదైన ఫోను గడప దగ్గర ఆగిపోతుంది.

వ్యవస్థ మారబోతున్న పాఠకులకు ఒకటి రెండు సంగతులు. ఐఫోన్‌లో వాట్సాప్ గొంతు సందేశాలు యాప్ లోపలే ఉంటాయి. ముఖ్యమైన వాటిని ఒక్కొక్కటిగా బయటికి పంపి దాచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో అవి విడి ఫైళ్ళుగా ఒక ప్రత్యేక ఫోల్డరులో ఉంటాయి కనుక మెమరీ కార్డుకో కంప్యూటరుకో ఎక్కించవచ్చు. సంభాషణను ‘ఎక్స్‌పోర్ట్’ చేస్తే చదువుకోవడానికి ప్రతి దొరుకుతుంది గాని, దానిని కొత్త వాట్సాప్‌లోకి తిరిగి ఎక్కించలేము. యూపీఐ చెల్లింపులకు బ్యాంకులో నమోదైన సిమ్ కొత్త ఫోనులో ఉండి, దాని నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. సిగ్నల్ అందని పల్లెలో కూర్చొని ఈ పని మొదలుపెడితే పాతదీ పోయి కొత్తదీ రాక చిక్కుపడతారు. సిగ్నల్ బాగా అందే చోటికి వచ్చిన రోజున చేసుకోవడం మంచిది. అంతవరకు పాత ఫోనును తుడిచివేయవద్దు, మారకానికి ఇవ్వవద్దు. అందులో ఎవరి గొంతు ఉందో ముందుగా ఇంటిల్లిపాదీ కూర్చొని ఒకసారి వినండి.