ఆఖరి స్థానం నుంచి అందలానికి!

వేసవి వచ్చిందంటే సాయంత్రం సీరియల్ చూసే యోగం మనకుండదు. రిమోట్ పిల్లల చేతుల్లోకి వెళ్ళిపోతుంది. ఆత్రేయపురంలోనైనా అమలాపురంలోనైనా ఇదే వరస! "ఈ క్రికెట్ గోల మనకెందుకమ్మా" అని విసుక్కోకండి. మన డెక్కన్ ఛార్జర్స్ జట్టు 2009లో ఏం చేసిందో తెలిస్తే మీరూ ఓ కన్ను అటు వేస్తారు.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టుకు ఏం తక్కువ? మన లక్ష్మణ్ కెప్టెన్. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్ వంటి హేమాహేమీలు ఉన్నారు. తీరా చూస్తే 14 ఆటల్లో గెలిచినవి రెండే! ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. కుండ వేడి కుదరకపోతే పిండి ఎంత మంచిదైనా రేకు సరిగా రాదు. ఈ సంగతి ఆత్రేయపురం ఆడపడుచులకు వేరే చెప్పాలా?

మరుసటి ఏడాది పగ్గాలు గిల్‌క్రిస్ట్ చేతికి వచ్చాయి. అప్పుడే ఎన్నికలు రావడంతో పోటీలన్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. సొంత ఊళ్ళో ఒక్క ఆటా లేదు, మనవాళ్ళ చప్పట్లూ లేవు. అయినా మొదటి నాలుగు ఆటలూ వరసగా గెలిచారు. హమ్మయ్య అనుకునేలోగా ఓటములు మొదలు! చివరికి ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగో స్థానంతో ఎలాగో సెమీఫైనల్ గడప తొక్కారు.

ఆ దారిలో ఒక ముచ్చట చెప్పాలి. కోల్‌కతాతో ఆటలో ఆఖరి ఓవర్‌కు 21 పరుగులు కావాలి. బ్యాటు పట్టుకున్నది 22 ఏళ్ళ రోహిత్ శర్మ. వాళ్ళ అమ్మగారి పుట్టిల్లు మన విశాఖపట్నమే లెండి! ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి గట్టెక్కించాడు.

సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు బాదాడు. మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరుతో ఫైనల్. అదే గిల్‌క్రిస్ట్ ఆ రోజు సున్నాకే అవుటయ్యాడు! ఇంటి పెద్ద పడిపోతే మిగిలినవాళ్ళు భుజం పట్టినట్టు, గిబ్స్ నిలబడి 53 చేశాడు. మొత్తం 143. అది పెద్ద స్కోరేం కాదు. ఉన్నదాన్నే పొదుపుగా కాపాడుకోవాలి, అంతే. ఓజా, సైమండ్స్, ఆర్పీ సింగ్ పరుగులను పిసినారుల్లా పట్టి ఉంచారు. ఆరంటే ఆరు పరుగుల తేడాతో కప్పు మనదైంది! ఆ ఏడాది అందరికన్నా ఎక్కువగా 23 వికెట్లు తీసినవాడు ఆర్పీ సింగే.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. గెలిచిన జట్టు ఇల్లు మాత్రం నిలబడలేదు. యాజమాన్యం డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2012లో క్రికెట్ బోర్డు ఒప్పందం రద్దు చేసింది. డెక్కన్ ఛార్జర్స్ పేరే పోయింది. 2013లో దాని చోటులోకి సన్‌రైజర్స్ హైదరాబాద్ వచ్చింది. 2016లో అదే బెంగళూరును ఫైనల్లో 8 పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది.

గెలవడానికి ఒక్క వేసవి చాలింది. పేరు నిలుపుకోవడానికి మాత్రం ఏళ్ళ తరబడి ఓపికా, లెక్కా రెండూ కావాలి. బోర్లించిన కుండ ముందు తరాలుగా కూర్చున్న ఆత్రేయపురం స్త్రీల చేతి పనికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడా పేరు ఊరిదే!

ఈసారి మ్యాచ్ వస్తుంటే రిమోట్ కోసం తగాదా పడకండి. ఎన్ని బంతులు మిగిలాయి, ఎన్ని పరుగులు కావాలి అని పిల్లల్ని అడగండి. నెలాఖరు లెక్కలు చూసే మనకు అదేమంత కష్టం కాదు!