అరచేయంత పంపు

సాగర్ ఎడమ కాలువ కింద మోటారు పెట్టి పొలానికి నీళ్లు పారించుకునే రైతుకు, బొలెరో పికప్ ఇంజను ముందు బిగించి ఉండే వాటర్ పంపు కొత్త యంత్రమేమీ కాదు. విప్పి చూస్తే రెండింట్లోనూ ఉన్నది ఒక రెక్కల చక్రమే. అది నడిమధ్యన నీళ్లు అందుకుని, గిర్రున తిరుగుతూ అంచులకు విసురుతుంది. చుట్టూ ఉన్న పోత డొల్ల ఆ వేగాన్ని ఒత్తిడిగా మార్చి బయటికి నెడుతుంది. తేడా అంతా పనిలోనే. పొలం మోటారు నీటిని ఎత్తుకు ఎక్కించాలి. బండి పంపుకు ఆ బాధ లేదు. ఉన్న కాసిని నీళ్లనే ఇంజను నుంచి రేడియేటర్‌కు, అక్కణ్నుంచి మళ్లీ ఇంజనుకు ఆపకుండా తిప్పుతూ ఉండాలి.

తిప్పడమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మిర్యాలగూడ మిల్లులో బియ్యం బస్తాలు ఎత్తుకుని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి, 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట వైపు తిరిగే పికప్‌ను చూడండి. పాసింగ్ కన్నా బరువు ఎక్కువే ఉంటుందని వేరే చెప్పాలా! డీజిల్‌ను కాల్చితే వచ్చే శక్తిలో పనికొచ్చేది ఇంచుమించు మూడో వంతు. మరో మూడో వంతు సైలెన్సర్ దారి పడుతుంది. మిగిలినదాంట్లో చాలా భాగం నీళ్లే మోయాలి. 70 హార్స్‌పవర్ ఇంజను నిండా శ్రమపడుతుంటే నీళ్లలోకి దిగే వేడి 40 కిలోవాట్ల దరిదాపున ఉంటుంది. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఇరవై ఒకేసారి వేసినట్టు లెక్క. రేడియేటర్‌లో నీళ్లు 7 డిగ్రీలు చల్లబడతాయనుకుంటే, ఈ వేడిని మోయడానికి నిమిషానికి 80 లీటర్లు తిరగాలి. బండిలో మొత్తం ఉన్నవే 10 లీటర్లకు అటూఇటూ. అంటే ఒక్క నిమిషంలో అవే నీళ్లు ఎనిమిది చుట్లు కొట్టాలి.

దీనికి తోడు మన ఎండలు. రేడియేటర్ ఎంత వేడి వదులుతుందనేది నీళ్లకూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 90 డిగ్రీలు, జనవరి మధ్యాహ్నపు గాలి 25 అయితే తేడా 65. మే నెలలో గాలి 45కు చేరితే తేడా కూడా 45కు పడిపోతుంది. అదే రేడియేటర్, అదే బరువు, అదే రోడ్డు. సామర్థ్యంలో మాత్రం దాదాపు మూడో వంతు కోత. పంపు కాస్త నీరసించినా చలికాలం బయటపడదు. ఎండాకాలం టెంపరేచర్ ముల్లు దాచదు.

మొదటి మోటారు కారుకు అసలు పంపే లేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు ఇంజను చుట్టూ మరిగి ఆవిరై పోయేవి, అంతే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటేసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండి నడిపినప్పుడు, దారి పొడవునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి నింపుకోవాల్సి వచ్చింది. 1900 చివర్లో విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు 8,070 సన్నని గొట్టాలు పేర్చిన రేడియేటర్ చేశాడు. దాంతో 9 లీటర్ల నీళ్లతోనే పని జరిగింది. తక్కువ నీళ్లతో ఎక్కువ వేడి లాగాలంటే వాటిని వేగంగా తిప్పక తప్పదు.

ఆ తిప్పే చక్రం అప్పటికే పాతబడ్డ వస్తువు. 1851 లండన్ మహా ప్రదర్శనలో జాన్ ఆపోల్డ్ అనే ఇంగ్లండు ఇంజనీరు తన పంపులో రెక్కలను తిన్నగా కాక వంపు తిప్పి పెట్టాడు. తిన్నని రెక్కల పంపుల కన్నా అది రెండింతలకు పైగా సమర్థంగా పనిచేసింది. మీ పొలం మోటారు ఇంపెల్లర్‌లో కనిపించేది ఆ వంపే.

హెన్రీ ఫోర్డ్ చేసింది విడ్డూరం. 1908లో వచ్చిన మోడల్ టీ కార్లలో మొదటి 2,500 దాకా వాటర్ పంపుతోనే తయారయ్యాయి. ఆ తర్వాత ఆయన పంపు తీసిపారేశాడు. వేడెక్కిన నీళ్లు తేలికై తమంతట తామే పైకి పోతాయి, చల్లబడ్డవి కిందికి దిగుతాయి. ఈ పనికి పంపు దండగ అన్నది లెక్క. 1927 దాకా కోటిన్నర కార్లు అలాగే నడిచాయి. బయటి కంపెనీలు మాత్రం మోడల్ టీకి విడిగా పంపులు చేసి అమ్ముకున్నాయి. తర్వాతి కారు మోడల్ ఏలో పంపు తిరిగొచ్చింది.

ఫోర్డ్ లెక్క తప్పేమీ కాదు. మన ఊళ్లలోనే దానికి సాక్ష్యం ఉండేది. బావి గట్టున ఆయిల్ ఇంజను, దాని పక్కన రెండు పైపులతో కలిపిన నీళ్ల డ్రమ్ము. పిండి మర వెనక పెద్ద సిమెంటు తొట్టి. పంపు లేకుండానే చాలాచోట్ల పని సాగిపోయింది. కాకపోతే ఆ ఇంజను నిలకడగా ఒకే వేగంతో నడుస్తుంది, డ్రమ్ములో నీళ్లకు కరువు లేదు. బరువుతో గేర్లు మారుస్తూ పరుగెత్తే బండికి అది కుదరదు. 1947లో మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపు ఇంజనుకు పంపు ఉంది, ఫ్యాన్ కూడా ఆ పంపు షాఫ్టు మీదే తిరిగేది. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో లైట్ ట్రక్కులు చేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ కూడా మహీంద్రా చేతికే వచ్చింది.

ఇన్నేళ్లలో చక్రం పెద్దగా మారలేదు. మారింది సీలు, నా దృష్టిలో ఈ పంపులో అసలు ఆవిష్కరణ అదే. తిరిగే షాఫ్టు నీళ్ల గదిలోంచి బయటికి రావాలి, నీళ్లు మాత్రం రాకూడదు. పాతకాలంలో గ్రీజు పట్టించిన తాడు చుట్టి నట్టు బిగించేవాళ్లు. కారడం మామూలే, కారినప్పుడల్లా ఇంకాస్త బిగించడమూ మామూలే. ఇప్పుడు రెండు రింగులు: ఒకటి కార్బన్, ఒకటి సిరామిక్. ఒకటి షాఫ్టుతో తిరుగుతుంది, ఇంకోటి కదలదు, స్ప్రింగు రెండింటినీ ఒత్తి పట్టుకుంటుంది. వాటి ముఖాలు ఎంత నున్నగా ఉంటాయంటే, మధ్యలో నిలిచే నీటి పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూఇటూ. ఆ పొరే వాటికి నూనె. నీళ్లు లేకుండా ఇంజను నడిపితే కాసేపట్లోనే రింగులు కాలి గీతలు పడతాయి. సీలుకూ బేరింగుకూ నడుమ, పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. సీలు దాటిన నీళ్లు బేరింగులోకి పోకుండా అటు నుంచి బయటికి వచ్చేస్తాయి. కారుతోంది కదా అని దాన్ని ఎంసీల్‌తో మూసేసే మహానుభావులున్నారు. అప్పుడు నీళ్లు బేరింగును తినేస్తాయి. ఫ్యాన్ పంపు షాఫ్టు మీదే ఉన్న బండి అయితే, బేరింగు విరిగిన రోజు ఫ్యాను రేడియేటర్‌ను కోసేస్తుంది.

మన ప్రాంతంలో పంపును చంపేది వయసు కన్నా బోరు నీళ్లు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. దాన్ని పటిక, సున్నంతో తొలగించేలా నాగపూర్ నీరి సంస్థ రూపొందించిన విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. ఇంజనుకు ఫ్లోరైడుతో పేచీ లేదు, దాని పేచీ కాఠిన్యంతో. వేడెక్కిన బోరు నీటిలోంచి సున్నం విడిపోయి ఇంజను లోపలి గోడలకు పేరుకుంటుంది. ఆ తెల్ల పొర ఒక్క మిల్లీమీటరు పేరుకున్నా, వేడిని అడ్డుకోవడంలో పాతిక మిల్లీమీటర్ల పోత ఇనుముకు తీసిపోదు. ఊడిన పొడి సీలు రింగుల మధ్య ఇరుక్కుని ఆకురాయి పని చేస్తుంది. ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ దేనికన్న మాట ఏ పాన్ డబ్బా దగ్గర ఆగినా వినిపిస్తుంది. కూలెంట్‌లోని రసాయనాలు తుప్పును ఆపుతాయి, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతాయి. ఆ రెండూ మనకే ఎక్కువ అవసరం. అందులో కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్.

పంపు మార్చడం ఇంటి ముందు వేపచెట్టు కింద అయిపోయే పనే. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపు అయితే మాత్రం చెయ్యి పెట్టకండి, అది మెకానిక్ పని. ఇంజను పూర్తిగా చల్లారాలి. 110 డిగ్రీలున్న నీళ్లను మరగకుండా పట్టి ఉంచేది రేడియేటర్ మూత ఒత్తిడే. మూత తీసిన క్షణంలో 10 లీటర్లలో 200 గ్రాముల దాకా ఆవిరవుతుంది. ఆ ఆవిరి 300 లీటర్ల చోటు అడుగుతుంది. చేతులూ ముఖమూ కాలేది అందుకే.

దింపిన కూలెంట్‌ను తొట్టిలో పట్టండి, మోరీలోకి వదలొద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగి చస్తాయి. బెల్టు, ఫ్యాను, పుల్లీ తీశాక పంపు బోల్టులు వస్తాయి. అవన్నీ ఒకే పొడవు ఉండవు. పాత మెకానిక్కులు అట్ట ముక్క మీద పంపు ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చి పెడతారు. పొడవు బోల్టును పొట్టి రంధ్రంలో తిప్పి ఇంజను బ్లాకును పగలగొట్టుకోకుండా కాపాడే ఉపాయం అది. పాత ప్యాకింగ్ ముక్కలు గోకడానికే ఎక్కువసేపు పడుతుంది, అక్కడ తొందరపడితే కొత్త పంపూ కారుతుంది. అనాబాండ్ జిగురు పలుచగా పూయాలి. ధారాళంగా పూస్తే మిగిలింది లోపలికి జారి రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడుతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చిన్న పానాతో బిగిస్తే చాలు.

ఇదే అదనుగా థర్మోస్టాట్ పీకేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. మన ఎండల్లో అదెందుకని వాళ్ల వాదన. వినకండి. 82 డిగ్రీల దరిదాపున తెరుచుకునే ఆ మైనపు కవాటం లేకపోతే ఇంజను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో దారి మళ్లించే పని కూడా దానిదే. తీసేస్తే వేడి నీళ్లు రేడియేటర్ వైపు పోకుండా అడ్డదారిన తిరిగొచ్చి ముల్లు ఇంకా పైకి లేస్తుంది.

మూత తీసి ఉంచి కూలెంట్ నెమ్మదిగా పోయాలి, ఇంజను స్టార్ట్ చేసి పై హోస్ పైపు వేడెక్కేదాకా, బుడగలు ఆగేదాకా నిలబడి చూడాలి. గాలి ఇరుక్కుంటే పంపు తిరిగినా నీళ్లు తిరగవు. ఫుట్ వాల్వు దగ్గర గాలి పట్టిన మోటారుతో కుస్తీ పట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మరోసారి మట్టం చూసి తగ్గినంత పోయాలి.

బెల్టుతో తిరిగే పంపుకు పుట్టుకతో ఒక లోపం ఉంది: ఇంజను ఆగితే అదీ ఆగుతుంది, వేడి మాత్రం లోహంలో అలాగే ఉంటుంది. 2009లో వచ్చిన టొయోటా ప్రియస్‌లో బెల్టు తీసేసి కరెంటు పంపు పెట్టారు. కరెంటు పంపు ఇంజను ఆగాక కూడా తిరగగలదు. బొలెరో డ్రైవరుకు ఉన్న ఉపాయం ఒకటే: బరువుతో వచ్చాక తాళం వెంటనే తిప్పెయ్యకుండా, తాడు విప్పి పట్టా తీసేదాకా ఇంజనును స్లోలో ఉంచడం.