ఇంటిపేరు వెనక ఊరు



పేరంటంలో కొత్తవాళ్ళు కనబడితే మనం మొదట అడిగేది, "మీ ఇంటిపేరేమిటమ్మా? మీదే ఊరు?" అని. ఈ రెండు ప్రశ్నలకూ దగ్గర చుట్టరికం ఉంది. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊళ్ళే. గాయకులు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఇంటిపేరు మాత్రం మా దివిసీమలోని ఊరిపేరు. ఒక కుటుంబం ఊరు మారితే, కొత్త ఊరివాళ్ళు వాళ్ళని పాత ఊరిపేరుతోనే పిలుస్తారు గదా! కనుక ఇంటిపేరు సాధారణంగా చెప్పేది మన పెద్దలు వదిలివచ్చిన ఊరిని. అయితే ఇంటిపేరు కలిసినంత మాత్రాన అందరూ ఒక వంశం వాళ్ళని అనుకోకూడదు.

మరి ఆ ఊరిని వెతకడమెలా? ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఊరిపేరుతో సరిపెట్టుకోక పక్క ఊళ్ళు, కాలవ, రేవు, గుడి కూడా అడిగి రాసుకోండి. ఎందుకంటే ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటాయి. కూచిపూడి మొవ్వ దగ్గరా ఉంది, ఏరు దాటితే తెనాలి వైపూ ఉంది. పక్క ఊళ్ళ పేర్లు తెలిస్తేనే పటంలో మనదేదో తేలుతుంది.

పేరులోనే నేల గుర్తు కూడా ఉంటుంది. నాగాయలంకలో లంక అంటే నీటి మధ్య నేల. పాలకాయతిప్పలో తిప్ప అంటే మెరక దిబ్బ. ఏటిమొగ అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు. అమ్మమ్మ "మా లంక" అని చెబుతుండేదంటే పటంలో నది పాయల వెంబడే చూడాలన్నమాట.

పాత కాగితాల్లో జిల్లా పేరు చూసి తొందరపడకండి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు వైపు ఊళ్ళు కూడా కృష్ణా జిల్లాలోనే ఉండేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, అందుచేత "దివి తాలూకా" అన్న మాట ఇప్పటి పటంలో కనబడదు. 2022లో విజయవాడ వేరే జిల్లాకి వెళ్ళింది.

పొలం దస్తావేజు దొరికితే పారెయ్యకండి. అందులో తండ్రిపేరు, కాపురమున్న ఊరు, నాలుగు హద్దులూ ఉంటాయి. హద్దుల్లో ఒక్కోసారి దాయాదుల పేర్లే కనబడతాయి. సర్వే నంబరుంటే గ్రామపటంలో ఆ చేను చూపించవచ్చు.

1977 నవంబరు 19 ఉప్పెనలో మా సీమలో వేలమంది పోయారు. ఇళ్ళతోపాటు కాగితాలూ కొట్టుకుపోయాయి. ఐర్లండులో 1922లో డబ్లిను రికార్డాఫీసు తగలబడి పాత జనాభా లెక్కలు ఎన్నో బూడిదయ్యాయి. అక్కడివాళ్ళు 1847-64 మధ్య పన్నుకోసం రాసిన భూముల జాబితాను, దాని పటాలను పట్టుకుని తాతల ఊళ్ళు వెతుక్కుంటున్నారు. జాబితాలో కౌలుదారు పేరు పక్కనే చిన్న పల్లె పేరు ఉండటం వాళ్ళకి కలిసొచ్చింది.

మన ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, పొలం కాగితాల్లో మన పేరు అరుదు. మీ నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరో, అమ్మమ్మ పుట్టిల్లు ఏ ఊరో మీ పిల్లలకు తెలుసా? ఈ వారంలో ఒక నోటుపుస్తకం తీసి నలుగురి పుట్టింటి ఊళ్ళు, వాటి పక్క ఊళ్ళతో సహా రాయండి. పెద్దవాళ్ళుండగానే రాయండి. సెలవు.